ఇంజనును డైనో ఎక్కించే ముందు

అల్లుడూ,

చేపల బోటు 400 హార్స్‌పవర్ టర్బో ఇంజను విప్పి బిగించావని, షెడ్డులోనే డైనోకి, అదే ఇంజను బలం కొలిచే మిషనుకి, తగిలిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. నువ్వు అడగకపోయినా నాలుగు ముక్కలు రాస్తున్నా.

ముందు నీళ్ల సంగతి చూడు. వాటర్ బ్రేక్ డైనోలో ఇంజను బలమంతా వేడిగా మారి నీళ్లలోకే పోతుంది. 400 హార్స్‌పవర్ అంటే దాదాపు 300 కిలోవాట్లు. నీళ్లు లోపలికెళ్లినప్పటికంటే 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కి బయటికొచ్చేలా చూసుకున్నా నిమిషానికి 140 లీటర్ల పైన కావాలి. గంట నడిపితే ఎనిమిది వేల లీటర్లు దాటిపోతుంది. మనకేమో సముద్రంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, ఇంజను పనులన్నీ అప్పుడే. కాలువలు కట్టేసేదీ ఆ ఎండల్లోనే. తీరంలో బోరు వేస్తే ఉప్పు నీళ్లు, అవి డైనోను తినేస్తాయి. ట్యాంకర్లు ముందే చెప్పుకుని, పెద్ద తొట్టి కట్టి తిప్పి వాడుకో. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఆఫ్టర్‌కూలర్‌కి మాత్రం ఆ వేడి నీళ్లు ఇవ్వకు. లోపలికెళ్లే గాలి చల్లబడక పవరు పడిపోతే నువ్వు ఊరికే టర్బోను తిడతావు.

డైనో మనిషి తెల్లారగట్ల రమ్మంటాడు, చల్లగాలికి నంబరు బాగుంటుందని. నేనైతే మిట్టమధ్యాహ్నమే పెట్టిస్తా. బోటు ఇంజను గదిలో చల్లగాలి ఎక్కడిది? గాలి వేడిని బట్టి నంబరు సర్దే కరెక్షన్ వేయని లెక్క కూడా అడిగి తీసుకో.

కింది ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి తక్కువ చుట్లు తిరిగేటప్పుడు, ఫుల్ లోడ్ వేసి ఇంజనును మూలిగించకు. ప్రొపెల్లర్‌కి కావాల్సిన బలం ఆర్‌పీఎం ఘనాన్ని బట్టి ఉంటుంది. 2400 దగ్గర 400 కావాలంటే 1200 దగ్గర 50 చాలు. ఆ లెక్కనే లోడ్ పెంచుకుంటూ పో. పైన ఒక్క క్షణం వచ్చిన నంబరుకి మురిసిపోకు. లారీ ఇంజనుకి దిగుడులో ఊపిరి దొరుకుతుంది, బోటుకి దిగుడు ఉండదు. పూర్తి బలానికి కంపెనీ చెప్పిన రేటెడ్ ఆర్‌పీఎం మీద లోడ్ వేసి అలాగే ఉంచు. టర్బో ముందు పొగ వేడి, ఆయిల్ ప్రెషర్, బూస్ట్ (టర్బో నెట్టే గాలి ప్రెషర్) ఎక్కడో ఒకచోట నిలబడాలి. వేడి ఆగకుండా పాకుతుంటే లోడ్ దించెయ్.

ఇంజనును డైనోకి కలిపే కప్లింగ్‌కి గార్డు లేకుండా స్టార్ట్ చేయనివ్వకు, దాని పక్క వరసలో ఎవరినీ నిలబెట్టకు. ఇంజను గాలి పీల్చే మూతి దగ్గర మందపాటి ఇనుప ప్లేటు ఉంచుకో. టర్బో సీలు పోతే ఇంజను తన ఆయిల్ తానే తాగి పరిగెడుతుంది, డీజిల్ కట్టేసినా ఆగదు. గాలి మూసేస్తేనే ఆగుతుంది. చెయ్యి మాత్రం అడ్డం పెట్టకురా.

అయ్యాక లోడ్ తీసేసి నాలుగైదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపు, లేకపోతే ఎర్రగా కాలిన టర్బోలో ఆయిల్ మాడిపోతుంది. తర్వాత ఆయిల్ ఫిల్టరు కోసి, మడతల కాగితం విప్పి ఎండలో పట్టి చూడు. నల్లగా ఉంటే ఫరవాలేదు. మెరిసే లోహపు రవ్వలు కనబడితే ఓనరు కంటే ముందు నాకు ఫోన్ చెయ్యి.

మామయ్య