‘నిభృతం’ అంటే ప్రశాంతమా, రహస్యమా?

సందేహం: ఒక కవితలో ‘నిభృత నిశీథి’ అన్న ప్రయోగం చదివాను. నిఘంటువు చూస్తే నిశ్చలమైనది, రహస్యమైనది, వినయం గలది అని ఒకదానితో ఒకటి పొసగని అర్థాలు కనిపించాయి. వీటిలో ఏది ప్రధానం? ప్రశాంతం అనవలసిన చోటల్లా ఈ మాట వాడవచ్చా? ‘నిబ్బరం’ దీని నుంచే పుట్టిందా?

సమాధానం: పైకి పొసగనట్టు కనిపించినా ఈ మూడు అర్థాలకూ మూలం ఒక్కటే. ధరించడం, భరించడం అనే అర్థాలు గల ‘భృ’ ధాతువుకు ‘ని’ అనే ఉపసర్గ చేరి, ‘క్త’ ప్రత్యయంతో ‘నిభృతం’ ఏర్పడింది. భృత్యుడు, భృతి అన్నవీ ఈ ధాతువు నుంచి వచ్చినవే. లోపలికి పట్టి ఉంచినది, అణచి నిలిపినది అన్నది నిభృతానికి వ్యుత్పత్తి వల్ల వచ్చే అర్థం. కదలికను పట్టి ఉంచితే నిశ్చలత, మాటను పట్టి ఉంచితే రహస్యం, తనను తాను పట్టి ఉంచుకుంటే వినయం అవుతాయి. సంస్కృత నిఘంటువైన అమరకోశం విశేష్యనిఘ్నవర్గంలో (విశేషణాల విభాగంలో) ‘నిభృతవినీతప్రశ్రితాః సమాః’ అని దీన్ని వినయం గలవాడికి పర్యాయంగా చెప్పడంలోని ఔచిత్యం కూడా ఇదే.

ఈ మాటలోని సొగసు తెలియాలంటే కాళిదాసును చూడాలి. కుమారసంభవం మూడవ సర్గలో శివుడు తపస్సులో ఉండగా, వాకిట నిలిచిన నంది నోటిమీద వేలుంచి, అల్లరి చేయవద్దని ప్రమథగణాలకు సైగ చేస్తాడు. ఆ ఆజ్ఞతో వనమంతా బొమ్మలో గీసినట్టు నిలిచిపోయిందంటూ కవి ‘నిష్కంపవృక్షం నిభృతద్విరేఫం’ (చెట్లు కదలనిది, తుమ్మెదలు నిభృతమైనది) అని వర్ణిస్తాడు. అక్కడ తుమ్మెదలు తమంతట తాము సద్దుమణగలేదు. ఝంకారాన్ని బిగబట్టుకుని ఉన్నాయి. శాకుంతలం మొదటి అంకంలోని ప్రయోగం మరీ విశేషమైనది. దుష్యంతుడి రథాశ్వాలు పగ్గాలు సడలించగానే శరవేగంతో దూసుకుపోతుండగా వాటిని ‘నిభృతోర్ధ్వకర్ణాః’ అన్నాడు, అంటే నిక్కబొడుచుకున్న చెవులు ఏమాత్రం కదలకుండా ఉన్నవి అని. అంతటి వేగంలోనూ చెవులకు చెల్లిన ఈ విశేషణానికి విశ్రాంతితో పని లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

జయదేవుడి ‘నిభృతనికుంజగృహం’ అన్న అష్టపది తెలుగువారికి పరిచితమే. దానిలో నిభృతానికి రహస్యమని అర్థం చెప్పేవారున్నారు, అది తప్పు కాదు. అయితే ఆ వెంటనే ‘నిశి రహసి’ (రాత్రివేళ, రహస్యంగా) అని కవి వేరుగా అన్నాడు కనుక, అలికిడి లేని పొదరిల్లు అని చెబితే పునరుక్తి తప్పుతుందని నా అభిప్రాయం.

ఇక వాడుక విషయం. శాంతం ఉద్రేకం తగ్గిన స్థితి, నెమ్మది తొందర లేని స్థితి. నిభృతం మాత్రం చలనానికి అవకాశం ఉండి కూడా నిలుపుకున్న స్థితి. అందువల్ల ‘గాయని ఆలాపన అందుకోగానే సభ నిభృతమైంది’ అన్న వాక్యం నప్పుతుంది. ‘ఎన్నికలు నిభృత వాతావరణంలో జరిగాయి’ అంటే అర్థం చెడుతుంది, పైగా రహస్యంగా జరిగాయనే అనుమానానికీ చోటిస్తుంది. మీరు చదివిన ‘నిభృత నిశీథి’ చక్కని ప్రయోగమే. సంస్కృతంలో నిశీథం, నిశీథిని అన్న రూపాలుండగా, నిశీథి అన్నది ఆధునిక తెలుగు కవిత్వంలో నిలదొక్కుకున్న రూపం కనుక దాన్ని ఆక్షేపించనక్కరలేదు.

నిబ్బరం ‘నిర్భర’ శబ్దానికి తద్భవం. నిండైన, అతిశయించిన అన్న అర్థం నుంచి తెలుగులో అది గుండెదిటవుకు పేరైంది. దానిలోనూ ‘భృ’ ధాతువే ఉన్నందువల్ల నిబ్బరం, నిభృతం జ్ఞాతులే గాని ఒకటి మరొకదాని సంతానం కాదు. నామవాచకం కావలసినప్పుడు నిభృతత్వం అనడం మంచిది. ‘నిభృతి’ అంటే సుఖశాంతులను చెప్పే ‘నిర్వృతి’తో పొరపడే ప్రమాదం ఉంది. భకారానికి వట్రసుడి ఇవ్వాలి, ‘నిభ్రుతం’ అని రాయకూడదు.