ఎంటర్ నొక్కాక ఏం కనిపించాలో రాశారా?

ప్రశ్న: ఎక్సెల్ ఎప్పుడూ తెరవనివాళ్ల కోసం ఒక గైడ్ రాశానండి. ఎక్సెల్ అంటే ఏమిటి, దేనికి పనికొస్తుంది అని మొదలుపెట్టి అన్నీ వివరంగానే చెప్పాను. అయినా చదివినవాళ్లు మధ్యలో ఆగిపోయి నాకే ఫోన్ చేస్తున్నారు. ఇంకా వివరంగా రాయాలా?

జవాబు: వద్దండీ, ముందు ఆ పరిచయమే తీసేయండి. చదివేవాళ్లకు కావాల్సింది ఖర్చుల లెక్క కూడటం, ఎక్సెల్ పుట్టుపూర్వోత్తరాలు కాదు. మొదటి పేజీలోనే ఐదు అంకెలు టైప్ చేయించి మొత్తం తెప్పించండి. 1980ల్లో కంప్యూటర్ కంపెనీ ఐబీఎంలో జాన్ కారల్ అనే పరిశోధకుడి బృందం ఇలాగే ఉపోద్ఘాతాలు కోసేసి మాన్యువల్‌ను బాగా కుదిస్తే, లావుపాటి మాన్యువల్ చదివినవాళ్లకంటే దీన్ని చదివినవాళ్లే త్వరగా నేర్చుకున్నారు.

అసలు చిక్కు ఇంకోటుంది. మనకు చేయి తిరిగిన పని మన కంటికి ఆనదు. అంకెలన్నీ కూడి మొత్తం చూపించడానికి 'సమ్ ఫార్ములా వాడండి' అని ఒక్క ముక్కలో రాసి ఉంటారు, అవునా? ముందు ఈక్వల్ గుర్తు పెట్టాలని తెలియనివాళ్లు ఉత్త సమ్ అని కొట్టి ఎంటర్ నొక్కితే ఆ అక్షరాలే గడిలో కూర్చుంటాయి. ఎర్రర్ కూడా రాదు. ఇక మొదలవుతుంది టెన్షన్, తప్పు గైడ్‌దో తమదో తేలక. స్టాన్‌ఫోర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ 1990లో చేసిన ప్రయోగంలో కొందరు తెలిసిన పాటల వరసను బల్ల మీద వేళ్లతో కొట్టారు. ఎదుటివాళ్లు సగం పాటలైనా పట్టేస్తారని కొట్టినవాళ్ల ధీమా, తీరా 120 పాటల్లో పట్టుకున్నవి 3. పాట వాళ్ల బుర్రలో మోగుతోంది మరి, వినేవాళ్లకు టకటకలే!

అందుకే ప్రతి స్టెప్పుకూ ఏం చేయాలో రాసి ఊరుకోకుండా, చేశాక ఏం కనిపించాలో, అది రాకపోతే ఏం చేయాలో కూడా రాయండి. 'గడి నిండా హ్యాష్ గుర్తులు వస్తే లెక్క తప్పలేదు, అంకె పట్టేంత వెడల్పు లేదంతే, పైన ఆ కాలమ్ అక్షరానికి కుడివైపున్న గీత మీద డబుల్ క్లిక్ చేయండి' అన్న ఒక్క వాక్యం చాలా ఫోన్లు తప్పిస్తుంది. 'చాలా సులువు' లాంటి మాటలు మాత్రం ఎక్కడున్నా కొట్టేయండి, రానివాళ్లకు అవి వెక్కిరింపులా ఉంటాయి.

ఇక ఆ ఫోన్ల గురించి విసుక్కోకండి. ఎవరైనా చేసినప్పుడు వెంటనే జవాబు చెప్పేయకుండా, ఏ లైను దగ్గర ఆగారో, స్క్రీన్ మీద ఏముందో అడిగి రాసుకోండి. ఇద్దరు ఒకే చోట ఆగితే ఆ లైను మార్చాల్సిందే.