‘మా అమ్మ’ అనే పిల్లవాడికి ‘నేను’ నేర్పే తీరు

చి.ల.సౌ. అమ్మాయికి, పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం చేరింది. డల్లాస్‌లో బడివారు ‘నా గురించి’ అన్న అట్ట తయారు చేసి తెమ్మంటే, నాలుగేళ్ళ మనవడు తన ఫొటోకు ముందు అమ్మమ్మను, తాతయ్యను, పిన్ని కొడుకును, ఆఖరికి మన వాకిట్లోని వేపచెట్టును కూడా అతికించమన్నాడని రాశావు. ‘మా అమ్మ’ను ఇంగ్లీషులోకి తిప్పి వాడు ‘అవర్ మామ్’ అంటుంటే, ఒక్కగానొక్క బిడ్డ ఇలా మాట్లాడుతున్నాడేమిటని టీచరు అడిగిందనీ, వాడిలో ‘నేను’ అన్న భావం వెనకబడిందేమోనన్న భయంతో ఇంట్లో తెలుగు తగ్గించాలనుకుంటున్నారనీ కూడా రాశావు. ఆ పని మాత్రం చేయవద్దు.

మన భాషలో తల్లిని, ఊరిని, ఇంటిని ‘నా’ అనము, ‘మా’ అంటాము. అందులోనూ వినేవారిని కలుపుకొంటే ‘మనం’, కలుపుకోకపోతే ‘మేము’. మూడేళ్ళు నిండిన తెలుగు బిడ్డ నోరు విప్పిన ప్రతిసారీ, ఎదుటివారు తనవైపు ఉన్నారా, అవతల ఉన్నారా అని తేల్చుకోవలసిందే. తానెవరో తెలియని బిడ్డకు ఆ లెక్క కుదరదు. మేనత్త, పిన్ని, బావ అన్న పిలుపులు కూడా అంతే. ఒక్కొక్కటీ ఆ మనిషికి తానేమవుతాడో వాడికి చెబుతుంది. కాబట్టి వాడిలో ‘నేను’ లేకపోలేదు, అది పదిమంది మధ్య నిలబడి ఉంది.

30 ఏళ్ళు పిల్లల పెంపకం గురించి పాఠం చెప్పినదాన్ని కనుక, ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదని చెప్పగలను. హేజెల్ మార్కస్, షినోబు కితయామా అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1991లో రాసిన వ్యాసంలో, అమెరికాలో మనిషి తనను విడిగా నిలిచే వ్యక్తిగా చూసుకోవడం, జపాన్ వంటి చోట్ల నలుగురితో ముడిపడ్డ వ్యక్తిగా చూసుకోవడం ఎక్కువని వివరించారు. హైడీ కెల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2004లో ప్రచురించిన పరిశోధన నాకు మరీ ఇష్టం. ఏథెన్స్ నగరంలోని తల్లులు పసిబిడ్డలతో ముఖాముఖి కబుర్లాడి, ఆటవస్తువులు చూపించేవారు; కామెరూన్‌లోని న్సో రైతు కుటుంబాల తల్లులు బిడ్డను ఒంటికి హత్తుకొని, కాళ్ళూ చేతులూ ఆడించేవారు. మన వైపు కాళ్ళమీద పడుకోబెట్టుకొని నూనె రాసి నీళ్ళు పోసే అమ్మమ్మలు గుర్తుకు రావడం లేదూ? ఏడాదిన్నర దాటాక చూస్తే, అద్దంలో తన ముఖం మీది రంగు మచ్చను చూసి తన ముఖమే తడుముకున్నవారు, అంటే అద్దంలో ఉన్నది తానేనని గుర్తుపట్టినవారు, ఏథెన్స్ పిల్లల్లో ఎక్కువ. పెద్దలు చెప్పిన మాట విని తమను తాము అదుపులో పెట్టుకున్నవారు న్సో పిల్లల్లో ఎక్కువ. ఎవరికి ఏది అందిందో అది ముందు ఎదిగింది. ఇందులో ఎవరూ వెనకబడలేదు.

అయితే మన పద్ధతిలో ఒక లోటు ఉంది, అది దాచను. నా కూతురిని నేను ‘నలుగురూ ఏమనుకుంటారు’ అన్న ఒక్క మాటతో పెంచాను. దానికి ఇరవై ఏళ్ళు వచ్చాక ఏం చదవాలని ఉందని అడిగితే, ‘మీ ఇష్టం’ అని నా ముఖంలోకి చూసింది. ఆ చూపు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

అందుకని నీకు చెప్పేది ఒకటే పని. రాత్రి పక్క మీద చేరాక, ఆనాడు జరిగినదాన్ని వాడితో తెలుగులోనే నెమ్మదిగా తిరిగి చెప్పుకో. చీ వాంగ్ అనే పరిశోధకురాలు గమనించినదేమిటంటే, జరిగిన సంగతులు తలచుకొనేటప్పుడు అమెరికా తల్లులు బిడ్డ మనసులో ఏముందన్నది ఎక్కువగా తడుముతారు, చైనా తల్లులు నడవడిక వైపు మాట మళ్ళిస్తారు. పెద్దవారయ్యాక గుర్తున్న తొలి జ్ఞాపకం కూడా అమెరికావారికి సగటున మూడున్నరేళ్ళ నాటిదైతే, చైనావారికి దాదాపు ఆరు నెలల తరువాతిది. మనం కూడా చైనా తల్లుల దారిలోనే ఉన్నాము. జారుడుబల్ల దగ్గర గొడవైందంటే ‘నువ్వేం చేశావు?’ అన్నదే మన మొదటి ప్రశ్న. దానికి ముందు ‘నీకెలా అనిపించింది?’ అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగు. తొందరపడి నువ్వే అందించకు. ఆ తరువాత ‘మరి ఆ పిల్లవాడికి ఎలా ఉండి ఉంటుంది?’ అని అడుగు. రెండు ప్రశ్నలూ కావాలి, ఆ వరుసలోనే కావాలి. భోజనం దగ్గర, బట్టల దగ్గర చిన్న చిన్న ఎంపికలు వాడికే వదిలిపెట్టు.

టీచరుకు ‘అవర్ మామ్’ ఎక్కడినుంచి వచ్చిందో నువ్వే వివరించు. చెబితే ఆమెకు తప్పక అర్థమవుతుంది. అట్ట మీది బొమ్మలు ఒక్కటీ తీయవద్దు. ప్రతి బొమ్మ కిందా అది తనకెందుకు ఇష్టమో వాడినే అడిగి, వాడు చెప్పిన మాటలే మార్చకుండా రాయి. వేసవి సెలవులకు వచ్చేటప్పుడు ఆ అట్ట మరిచిపోకుండా తీసుకురా. వేపచెట్టు కింద వాడేం రాయించాడో నేను చదవాలి.

ఇట్లు,
పెద్దమ్మ