ఎవరూ దులపని అలమార

1928 నాటి మూకీ ‘ది పాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్’ ఇంత స్పష్టంగా ఎలా మిగిలింది, పాత సినిమాలు భద్రపరిచే ఆర్కైవులు అంత శ్రద్ధగా దాచాయా అని అడిగారు. దాచింది ఆర్కైవు కాదండీ. ఓస్లో దగ్గర డికెమార్క్ మానసిక వైద్యశాలలోని ఒక అలమార.

మా నాన్న టూరింగ్ టాకీసులో ఆపరేటర్. అది మూతపడ్డాక, ఎవరూ తిరిగి అడగని ఏడు రేకు డబ్బాలు మా అటక ఎక్కాయి. మూత తీస్తే బూజు పట్టిన ఊరగాయ వాసన. ఒక సంక్రాంతి ముందు ఇల్లు దులుపుతూ అమ్మ వాటిని పాత సామాన్లవాడికి తూకానికి వేసేసింది. వాడికి రేకు చాలు. ఫిల్ము వీధి చివర కంపలో పారేసి పోయాడు. నాన్న అమ్మను ఒక్క మాట అనలేదు, ఆ పూట భోజనం మాత్రం చేయలేదు. పిల్లలం ఆ ముక్కలు ఏరి ఎండకు పెట్టి చూసుకున్నాం. ఒక ముక్కలో ఎవరో ఆవిడ తల తిప్పుతోంది. ముప్ఫై బొమ్మలు దాటినా తిప్పడం పూర్తి కాలేదు.

అందుకే నా సిద్ధాంతం: సినిమాలను చంపేది నిప్పు కన్నా పండగ దులుపుళ్ళే. నిప్పునూ తీసిపారేయలేం లెండి. జోన్ అసలు నెగటివ్ 1928 డిసెంబరులో బెర్లిన్‌లో కాలిపోయింది. దర్శకుడు డ్రెయర్ మొదటిసారి వాడకుండా మిగిలిన టేకులతో మళ్ళీ మొత్తం కూర్చాడు. మరుసటి ఏడాది ఆ నెగటివూ అగ్గిపాలైంది. తన మొదటి కూర్పు ఇక లేదనుకుంటూనే 1968లో ఆయన కన్నుమూశాడు. 1981లో డికెమార్క్‌లో అలమార సర్దుతుంటే ఆ మొదటి కూర్పు డబ్బాలే బయటపడ్డాయి, డెన్మార్క్ సెన్సారు గుర్తులతో సహా. నార్వే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపితే, అక్కడ మూడేళ్ళు ఎవరూ విప్పి చూడలేదు! ఆర్కైవుల శ్రద్ధ అదీ.

అది చలి దేశం కావడమూ కలిసొచ్చింది. ఇక్కడ రఘుపతి వెంకయ్య సంస్థ తీసిన మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ ఒక్క అడుగు కూడా మిగలలేదు. ఏ ఇంటి అటక మీదో ఉండే ఉంటుంది, ఏ సంక్రాంతికో పోయే ఉంటుంది. ఫిల్ము పూతలో ఉండే వెండి కోసం కరిగించిన రీళ్ళ సంగతి సరేసరి.

ఇంకొకటి. 1950లలో ఒకాయన రెండో కూర్పు కాపీ సంపాదించి దాని నిండా బాఖ్, వివాల్డి సంగీతం దట్టించాడు. డ్రెయర్‌కు అది నచ్చలేదు. నాకూ నచ్చలేదు. మీరు చూసేటప్పుడు శబ్దం కట్టేయండి. పక్కన చుట్టాలుంటే వాళ్ళు పడుకున్నాక చూడండి. మా బావమరిది పదో నిమిషంలో “మాటలు రావడం లేదు, టీవీ పాడైందా?” అని లేచి వైర్లు కదిపాడు.