ఫార్మాట్ చేసినా మళ్లీ వస్తున్న బ్లూ స్క్రీన్

ప్రశ్న: అయ్యా, నమస్కారం. ఆరేళ్ల క్రితం విడిభాగాలు కొని అమర్పించుకున్న డెస్క్‌టాప్ కంప్యూటర్ మా ఇంట్లో ఉంది. మావారు దాని మీదే నలుగురైదుగురు వ్యాపారుల జీఎస్‌టీ లెక్కలు చూస్తారు. మా అమ్మాయి చదువుకూ అదే ఆధారం. దసరాకు, పాత 8 జీబీ ర్యామ్‌కు తోడుగా మరో 8 జీబీ వేయించాము. నెల తిరగకముందే పని మధ్యలో తెరంతా నీలంగా మారి, కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ కావడం మొదలైంది. తెర మీద ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్ అనీ, ఒకసారి పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా అనీ, ఇంకోసారి ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్ అనీ కనిపించింది. ఒక సర్వీస్ షాపువారు రెండుసార్లు ఫార్మాట్ చేసి ఇచ్చారు. రెండుసార్లూ వారం తిరిగేసరికి కథ మొదటికే వచ్చింది. విండోస్ 10 ఆగిపోయింది కాబట్టి కొత్త కంప్యూటర్ కొనక తప్పదని ఇప్పుడు అంటున్నారు. ఇది నిజమేనా?
— ఒక పాఠకురాలు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: అమ్మా, ఆ మాట నిజం కాదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిన మాట వాస్తవమే. దానివల్ల భద్రతా అప్‌డేట్‌లు మామూలుగా అందవు కానీ, నిన్నటిదాకా నడిచిన కంప్యూటర్ ఆ కారణంగా బ్లూ స్క్రీన్‌తో ఆగిపోదు. లెక్కల పని చేసే కంప్యూటర్ కాబట్టి విండోస్ 11కు మారడం గురించి తీరికగా ఆలోచించండి. ఇప్పుడున్న జబ్బుతో దాన్ని ముడిపెట్టకండి.

విండోస్ కేంద్రభాగాన్ని కెర్నెల్ అంటారు. అక్కడ సరిదిద్దుకోలేని తప్పు జరిగినప్పుడు, పని కొనసాగిస్తే మీ ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉన్నందున, విండోస్ తనంతట తానే ఆగిపోతుంది. ఆ ఆగడమే బ్లూ స్క్రీన్. విండోస్ 11 తాజా రూపాల్లో ఈ తెర నల్లగా ఉంటుంది, అర్థం మాత్రం అదే. కెర్నెల్ స్థాయిలో నడిచే ఒక్క ప్రోగ్రామ్ తప్పు చేసినా కంప్యూటర్ మొత్తం ఎలా ఆగిపోతుందో 2024 జులై 19న ప్రపంచమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆ రోజు నిలిచిపోయాయి.

ఆ తెర మీద కనిపించే మాటలను స్టాప్ కోడ్ అంటారు. మీరు మూడింటినీ గుర్తుపెట్టుకుని రాయడం ఎంతో మేలు చేసింది. ప్రతిసారీ ఒకే కోడ్, దాని కింద ఒకే ఫైలు పేరు కనిపిస్తుంటే ముందుగా ఏదో ఒక డ్రైవర్‌ను, అంటే ఒక పరికరాన్ని విండోస్‌తో కలిపి నడిపే ప్రోగ్రామ్‌ను, అనుమానించాలి. మీకు వచ్చిన మూడు కోడ్‌లు వేర్వేరు. అయినా మూడూ మెమరీలోని, అంటే ర్యామ్‌లోని, సమాచారం అందాల్సిన చోట సరిగా అందలేదనే చెబుతున్నాయి. పైగా రెండుసార్లు విండోస్‌ను కొత్తగా వేసినా తప్పు పోలేదు, మొదలైంది కూడా కొత్త ర్యామ్ వేసిన తర్వాతే. ఈ మూడింటినీ కలిపి చూస్తే నా అనుమానం ర్యామ్ మీదికే పోతోంది. ర్యామ్‌లో తప్పు ఉంటే ఫార్మాట్ వల్ల అది బాగుపడదు.

ఫార్మాట్ వల్ల జరిగిన నష్టం ఒకటుంది, అది నన్ను నిజంగా బాధపెట్టింది. బ్లూ స్క్రీన్ వచ్చిన ప్రతిసారీ విండోస్ ఆ క్షణపు వివరాలను సాధారణంగా సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డరులో, మినీడంప్ అనే చోట ఒక చిన్న ఫైలుగా దాచిపెడుతుంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే విన్‌డీబీజీ అనే ప్రోగ్రామ్‌తో దాన్ని తెరిచి, తప్పు ఎక్కడ జరిగిందో తెలిసినవారు చదవగలరు. రోగికి తీసిన ఎక్స్‌రేలను చూడకుండానే పారేసినట్టు, ఫార్మాట్ చేసిన ప్రతిసారీ ఆ ఆధారాలన్నీ చెరిగిపోయాయి. ఇకమీదట ఏ షాపుకు తీసుకెళ్లినా ముందు ఆ ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.

అన్నిటికంటే ముందు మీవారి లెక్కల ఫైళ్లను, అమ్మాయి చదువు ఫైళ్లను బయటి హార్డ్ డిస్కులోకి ఎక్కించండి. చెడిన ర్యామ్ ఫైళ్లను చప్పుడు లేకుండా పాడుచేయగలదు; కాబట్టి పాత కాపీల మీద కొత్తవి రాయకుండా వేరే ఫోల్డరులో ఉంచండి.

ఇక పరీక్ష. స్టార్ట్ మెనూలో విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని వెతికి నడపండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, పరీక్ష ముగించి, మీరు లాగిన్ అయ్యాక ఫలితం చూపిస్తుంది. అందులో తప్పు కనబడితే తప్పే. కనబడనంత మాత్రాన ర్యామ్ బాగుందని నేను ఒప్పుకోను. పెన్‌డ్రైవ్ నుంచి నడిచే మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఇంతకంటే గట్టిగా పరీక్షిస్తుంది. దాన్ని రాత్రి మొదలుపెట్టి తెల్లవారేదాకా వదిలేయండి. వందల్లో తప్పులు వస్తేనే చెడినట్టు అనుకోకండి, ఒక్క తప్పు వచ్చినా ఆ ర్యామ్‌ను నమ్మకూడదు.

తప్పు తేలితే రెండింటిలో ఏ ర్యామ్‌దో చూడాలి. కంప్యూటర్ ఆపి, కరెంటు తీగ పీకేసి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ లోపలి ఇనుప భాగాన్ని ఒకసారి తాకి, మీ ఒంట్లోని స్థిర విద్యుత్తును పోగొట్టుకున్న తర్వాతే ర్యామ్‌ను అంచులతో పట్టుకుని తీయండి. ముందుగా కొత్తదాన్ని తీసేసి, పాతదానితో రెండు మూడు రోజులు మామూలు పని చేసుకోండి. తర్వాత అదే స్లాటులో కొత్తది ఒక్కటే పెట్టి చూడండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, తేదీతో సహా నోటుపుస్తకంలో రాసుకోండి. ఈ నియమం విసుగనిపిస్తుంది కానీ, అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో ఎవరికీ తెలియదు.

విడివిడిగా రెండూ బాగా నడిచి, కలిపినప్పుడే ఆగిపోతే, ఏ ఒక్కటీ చెడినట్టు కాకపోవచ్చు; రెండింటికీ పొత్తు కుదరలేదన్నమాట. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు వేగాలతో తయారైన ర్యామ్‌లకు ఇది కొత్త కాదు. విండోస్ కంటే ముందే తెరుచుకునే బయాస్ అనే సెట్టింగుల తెరలో, ర్యామ్ వేగాన్ని పెంచే ఎక్స్‌ఎంపీ ఆన్‌లో ఉంటే ఆపి చూడండి. అప్పటికీ కుదరకపోతే, జంటగా పరీక్షించి ఒకే పెట్టెలో అమ్మే ర్యామ్‌లు కొనడమే ఉత్తమం. ఒకవేళ ఏ ర్యామ్ పెట్టినా ఒకే స్లాటులో తప్పు వస్తుంటే, అనుమానం మదర్‌బోర్డు మీదికి మళ్లుతుంది.

తిరుపతి ఎండలు, కరెంటు హెచ్చుతగ్గులు కారణమా అని చాలామంది అడుగుతుంటారు. మితిమీరిన వేడికీ, కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ చెడినా, కంప్యూటర్ ఎక్కువగా ఏ తెరా చూపకుండా ఒక్కసారిగా ఆరిపోతుంది. మీకు కోడ్‌తో తెర కనిపిస్తోంది కనుక వాటిని రెండో వరుసలో ఉంచుదాం. మూత ఎలాగూ తీస్తారు కాబట్టి, ఫ్యాన్‌లకు పట్టిన దుమ్మును మాత్రం మెత్తని కుంచెతో తుడిచేయండి.

ప్రశ్న: మా నాన్నగారు వార్తలు చదువుతుండగా లాప్‌టాప్ తెర నీలంగా మారి, వైరస్ చేరిందని, వెంటనే ఫోన్ చేయమని ఒక నంబరు కనిపించింది. పెద్దగా హెచ్చరిక మాటలు కూడా వినిపించాయి. ఇది కూడా బ్లూ స్క్రీనేనా?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: కాదు, అది మోసం. అసలైన బ్లూ స్క్రీన్ మీద ఫోన్ నంబరు ఎన్నడూ ఉండదు, అది మాట్లాడదు. క్యూఆర్ కోడ్ కనిపించవచ్చు కానీ, అది మైక్రోసాఫ్ట్ సహాయ పేజీకి మాత్రమే తీసుకెళుతుంది. మీ నాన్నగారు చూసినది బ్రౌజర్‌లో తెర నిండా పరుచుకున్న ఒక పేజీ. ఎస్కేప్ కీని కాసేపు నొక్కి పట్టుకుంటే చాలాసార్లు మామూలు తెర వస్తుంది. రాకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కీలు కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్ నుంచి బ్రౌజర్‌ను మూసేయండి. తిరిగి తెరిచినప్పుడు పాత పేజీలను రిస్టోర్ చేయవద్దు.

ఆయన ఆ నంబరుకు ఫోన్ చేశారా, వారు చెప్పిన యాప్ ఏదైనా వేసుకున్నారా అని నెమ్మదిగా, కోప్పడకుండా అడగండి. తిడతారన్న భయంతో పెద్దవారు దాచిపెడితే విలువైన గంటలు పోతాయి. వేసుకుని ఉంటే వెంటనే ఇంటర్నెట్ ఆపి, ఆ యాప్ తీసేసి, వేరే పరికరం నుంచి బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు మార్చండి. డబ్బు పోయి ఉంటే బ్యాంకుకు చెప్పి, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫిర్యాదు చేయండి.