‘కనుగొన్నాడు’, ‘క్రమంగా’: నీ వ్యాసంలో రెండు మాటలు

చిరంజీవికి ఆశీస్సులు.

వేట నుంచి సేద్యానికి మనుషులు ఎలా మళ్లారన్న విషయం మీద నువ్వు రాసిన పన్నెండు పేజీలు పోయిన వారం అందాయి. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని. భాష శుభ్రంగా ఉంది, చదివించే గుణం ఉంది, విషయం మీద ఇష్టం కనిపిస్తోంది. అందుకే మెచ్చుకోళ్లు పక్కన పెట్టి దిద్దుబాటు సంగతే రాస్తున్నాను.

నీ వ్యాసం ఇలా మొదలైంది: “వేటాడి వేటాడి అలసిపోయిన ఆదిమానవుడు ఒకనాడు తన గుడిసె పక్కన మొలిచిన గింజను చూసి వ్యవసాయాన్ని కనుగొన్నాడు.” ఆ వాక్యంలో ఒక్కడే మనిషి ఉన్నాడు, అతను మగవాడు, అతనికి ఒక్క పూటలో జ్ఞానోదయమైంది. నిన్ను తప్పుపట్టను. బడిలో మనందరికీ నేర్పిన వాక్యమే అది, ముప్పై ఏళ్ల కిందట నేనూ అలాంటిదే రాసి, అచ్చులో చూసుకుని మురిసిపోయాను. అయితే నువ్వు చెప్పదలచుకున్న కథంతా ఆ ఒక్క వాక్యంతో తలకిందులవుతోంది.

గింజ పడితే మొక్క వస్తుందన్న సంగతి తెలియక ఎవరూ వేటలో మిగిలిపోలేదు. ఇజ్రాయెల్‌లోని గలిలీ సరస్సు ఒడ్డున ఓహలో అనే చోట, 1989లో నీటిమట్టం బాగా పడిపోయినప్పుడు, సుమారు 23,000 ఏళ్ల కిందటి గుడిసెల ఆనవాళ్లు బయటపడ్డాయి. కాలిపోయిన ఆ గుడిసెల్లో అడవి బార్లీ, అడవి గోధుమ గింజలు, గింజలు నూరిన రాయి దొరికాయి. జోర్డాన్‌లోని షుబైకాలో 14,400 ఏళ్ల కిందటి పొయ్యిలో మాడిపోయిన రొట్టె ముక్కలు ఉన్నాయని 2018లో ప్రకటించారు. ఆ రొట్టె కాల్చినవాళ్లకు పొలమంటూ ఏదీ లేదు, ఆ ప్రాంతంలో సేద్యం నిలదొక్కుకోవడానికి ఇంకా కొన్ని వేల ఏళ్లు పట్టింది. గింజ ఏరి, నూరి, రొట్టె చేసుకునే విద్య అంత ముందే చేతిలో ఉన్నప్పుడు, నువ్వు వేసుకోవలసిన ప్రశ్నే మారిపోతుంది: తెలిసి కూడా అన్ని వేల ఏళ్లు ఎందుకు విత్తలేదు?

ఒక జవాబు 1966లో జాక్ హార్లన్ అనే అమెరికన్ వృక్షశాస్త్రజ్ఞుడికి తుర్కియేలోని కరజాదాగ్ కొండల మీద దొరికింది. అక్కడ అడవి గోధుమ ఇప్పటికీ తనంతట తాను దట్టంగా పెరుగుతుంది. ఆయన చెకుముకిరాతి కొడవలితో కోసి చూస్తే గంటకు సుమారు ఒక కిలో శుభ్రమైన గింజ వచ్చింది. అనుభవమున్న ఒక కుటుంబం మూడు వారాలు కోసుకుంటే ఏడాదికి సరిపోయినదానికన్నా ఎక్కువే సమకూరుతుందని ఆయన లెక్క కట్టాడు. మూడు వారాల పనితో ఏడాది గడిచే చోట నేల చదును చేసి, విత్తి, పిట్టలను తోలుతూ కూర్చోవడానికి ఎవరికి మాత్రం మనసవుతుంది? నీ రెండో పేరాలో ‘తిండి లేక అల్లాడుతున్న సంచారి’ అని రాశావు. ఆ అల్లాటకు నీ దగ్గర ఆధారం లేదు, కొట్టేయి.

స్థిరనివాసం గురించి కూడా వరస తిప్పి రాయాలి. సేద్యం వచ్చాకే ఊళ్లు వెలిశాయని నువ్వు రాశావు. పశ్చిమాసియాలో ఊరు ముందు వచ్చింది. నటూఫియన్లని పిలిచే జనం ఇజ్రాయెల్‌లోని ఐన్ మల్లాహాలో రాతి పునాదులు వేసి గుండ్రని ఇళ్లు కట్టుకుని, వేటాడుతూ, అడవి గింజలు ఏరుకుంటూ బతికారు. అక్కడి ఒక సమాధిలో వయసు మళ్లిన మనిషి చెయ్యి ఒక కుక్కపిల్ల మీద ఆనించి ఉంది. అది సుమారు 12,000 ఏళ్ల కిందటి సంగతి. అప్పటికి ఆ చెయ్యి ఏ పంటనూ పెంచలేదు, కుక్కను మాత్రం పెంచింది. ఈ ఒక్క సమాధి నీ వ్యాసంలో మూడు పేజీల ఉపోద్ఘాతం చేయలేని పని చేస్తుంది.

ఇక మొక్క మారిన తీరు. నువ్వు ‘మంచి విత్తనాలను ఎంపిక చేశాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు, నిజానికి వ్యాసానికి గుండెకాయ అక్కడే ఉంది. మీ ఇంట్లో నువ్వుల పంట వేసినవాళ్లు ఉంటే అడుగు. కాయ పూర్తిగా ఎండేదాకా చేలో ఉంచితే నోరు విచ్చుకుని గింజ నేలపాలవుతుందని, అందుకే కాస్త ముందుగా కోసి, కట్టలు కట్టి, నిలబెట్టి ఆరబెడతారని చెబుతారు. అడవి గోధుమ, అడవి బార్లీలది కూడా అదే స్వభావం. పండగానే కంకి కీళ్ల దగ్గర విడిపోయి గింజ రాలిపోతుంది, ఎందుకంటే రాలితేనే ఆ మొక్కకు వంశం నిలుస్తుంది. ఎక్కడో ఒక మొక్కలో ఆ కీలు విడిపోని లోపం పుడుతుంది. అడవిలో దానికి సంతానం దక్కదు. అయితే పండిన కంకులను మనిషి కొడవలితో కోసినప్పుడు రాలే గింజ కోతలోనే చెదిరిపోతుంది, రాలని గింజ ఇంటికి చేరుతుంది. ఇంటికి చేరినదాంట్లో కొంత మరుసటి ఏడు కొత్త నేలలో చల్లితే, ఆ చేలో రాలని రకం వాటా కొద్దిగా పెరుగుతుంది. ఇక్కడ తేలిగ్గా జారవిడిచే మెలిక ఒకటుంది: ఒక్క కోత చాలదు, కోసినదాన్ని విత్తాలి. కోసుకుని తినేసి వెళ్లిపోతే మరుసటి ఏడు మొలిచేది కింద రాలిన గింజే కాబట్టి అడవి రకమే నిలుస్తుంది. పచ్చిమీద కోసినా, కంకులను తట్టి బుట్టలోకి రాల్చుకున్నా రాలని రకానికి మేలేమీ జరగదు.

ఇదంతా మనకెలా తెలిసిందని పాఠకుడు అడుగుతాడు, చెప్పడం నీ బాధ్యత. బొగ్గుగా మారిన కంకి ముక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే, తనంతట తాను విడిపోయినదాని అతుకు నున్నగా ఉంటుంది, నూర్పిడిలో బలవంతంగా విరిగినదాని అతుకు చిరిగినట్టు గరుకుగా ఉంటుంది. గరుకు అతుకుల వాటా తవ్వకంలోని ఒక్కో పొరకూ ఎంత పెరిగిందో లెక్కపెడుతూ పోతారు. ఏటా కోసి కొత్త నేలలో విత్తుతూ పోతే 20 నుంచి 200 ఏళ్లలో ఈ మార్పు పూర్తికావచ్చని 1990లో గోర్డన్ హిల్‌మన్, స్టువర్ట్ డేవిస్ అనే పరిశోధకులు అంచనా వేశారు. తీరా తవ్వకాల్లో దొరికిన అతుకులు లెక్కపెడితే వేల ఏళ్లు పట్టిందని తేలింది. అంటే తాము ఒక మొక్కను మారుస్తున్నామని కొడవలి పట్టిన ఏ ఒక్కరికీ, వాళ్ల మనవలకు కూడా, తెలిసే అవకాశం లేదు. నీ ‘కనుగొన్నాడు’ అన్న మాట నిలబడనిది ఇక్కడే.

అలాగని ‘క్రమంగా’ అని రాసి తప్పించుకోకు. పన్నెండు పేజీల్లో ఆ మాట పదకొండుసార్లు వచ్చింది. అది వచ్చిన ప్రతిచోటా, ఆ కాలంలో ఎవరి చేతులు ఏం చేశాయో నీకు తెలియలేదని నాకు తెలిసిపోయింది. ఒక్క ఊరిని పట్టుకుంటే ఆ మాట అవసరమే రాదు. సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున అబూ హురేరా అనే దిబ్బను తీసుకో. తబ్కా ఆనకట్ట నీళ్లలో మునిగిపోతుందని తెలిసి 1972, 1973లలో ఆండ్రూ మూర్ బృందం ఆదరాబాదరాగా అక్కడ తవ్వింది. తవ్విన మట్టిని నీళ్లలో కలిపితే మట్టి అడుగుకు చేరి, బొగ్గయిన గింజలు పైకి తేలాయి. ఆ తెట్టును దేవి, ఆరబెట్టి, హిల్‌మన్ ఏళ్ల తరబడి ఒక్కొక్క గింజనూ గుర్తుపట్టాడు. సేద్యానికి ముందు ఆ ఊరివాళ్లు నూట యాభైకి పైగా రకాల మొక్కలు వాడుకున్నారని తేలింది. వేసవి మొదట్లో వలస వచ్చే గజెల్ జింకలను మందలకు మందలుగా చంపేవారు. సేద్యం కుదురుకున్నాక కూడా వెయ్యేళ్లపాటు వాళ్లకు మాంసం ఎక్కువగా ఆ జింకలదే, ఆ తర్వాతే గొర్రెలు, మేకలు ముందుకొచ్చాయి. వేటకూ సేద్యానికీ మధ్య నువ్వు గీసిన గీతను ఆ ఊరివాళ్లు చూసి ఉండరు.

అదే ఊరి ఎముకలను పరీక్షించిన థేయా మాలెసన్ 1994లో రాసిన సంగతులు నీ వ్యాసంలో లేకపోవడం నాకు ఆశ్చర్యం. ఆడవాళ్ల కాలి బొటనవేళ్ల కీళ్లు అరిగిపోయి ఉన్నాయి, నడుము దగ్గర వెన్నుపూసలు దెబ్బతిన్నాయి, మోకాళ్ల ఎముకల మీద ఒత్తిడి గుర్తులున్నాయి. మోకరిల్లి, కాలివేళ్లు వెనక్కి మడిచి నేలకు ఆనించి, ఒంటి బరువంతా రాతి మీద వేసి రోజూ గంటల తరబడి గింజ నూరినవాళ్ల ఎముకలవి. పిండిలో కలిసిన రాతి నలుసులకు పళ్లు విరిగేవి. మా నాయనమ్మ సన్నికల్లు దగ్గర కూర్చుని పొత్రం ముందుకు తోసినప్పుడల్లా ఆవిడ భుజాల నుంచి ఒక చిన్న మూలుగు వచ్చేది. ఆవిడ నూరేది గుప్పెడు పప్పు. వీళ్లు నూరింది ఇంటిల్లిపాదికీ, రోజూ.

సందర్భం వచ్చింది కాబట్టి రెండు సవరణలు. ఆ కాలపు ఆడవాళ్ల చేత నువ్వు తిరగలి తిప్పించావు. గుండ్రంగా తిరిగే రాయి ఆ తర్వాత వేల ఏళ్లకు గాని రాలేదు. అప్పటిది ముందుకూ వెనక్కూ తోసే రాయి, మన సన్నికల్లుకు దగ్గరి చుట్టం. అలాగే వాళ్ల చేత కుండలో గంజి కాయించావు. పశ్చిమాసియాలో తొలి రైతులు కుండల్లేకుండానే రెండు మూడు వేల ఏళ్లు గడిపారు. చైనాలో అయితే 20,000 ఏళ్ల కిందట వేటగాళ్లే కుండలు చేసుకున్నారు. అక్కడికీ ఇక్కడికీ వరస ఒకటి కాదు.

కారణం దగ్గర నీ తొందర ఎక్కువైంది. సుమారు 12,900 ఏళ్ల కిందట చలి, కరువు తిరగబెట్టి వెయ్యేళ్లకు పైగా సాగిన మాట నిజమే, ఆ తర్వాత వాతావరణం నిలకడపడిన మాటా నిజమే. ఆ రెండూ సేద్యానికి తోడ్పడి ఉంటాయి. ‘అందువల్లే’ అని రాయకు. యాంగ్జీ లోయలో వరి, మెక్సికోలో మొక్కజొన్న, న్యూగినీ కొండల్లో చేమ, అరటి ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా మనుషుల చేతికొచ్చాయి. అన్నిటికీ ఒకే తాళంచెవి వెతికితే ఏ తలుపూ సరిగ్గా తెరుచుకోదు.

మన నేల గురించి చివరి పేజీలో రాసింది చాలా పలచగా ఉంది. ‘సింధు నాగరికత నుంచి మనకు వ్యవసాయం వచ్చింది’ అన్న ఒక్క వాక్యంతో దక్కన్‌ను దాటేశావు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో (ఆదిలాబాదు ఉట్నూరు వేరు, కలిపేయకు) 1957లో పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ ఒక బూడిద దిబ్బను తవ్వాడు. బళ్లారి వైపు కుడతిని దిబ్బను అక్కడివాళ్లు భీముడు చంపిన రాక్షసుడి చితాభస్మమని చెప్పుకునేవారు. పరీక్షిస్తే ఆవుపేడ కాలి గట్టిపడిన బూడిదని తేలింది. ఉట్నూరులో పాతిన కర్రల గుంటలు, పొరల మధ్య పశువుల గిట్టల ముద్రలు ఉన్నాయి. దొడ్డిలో పేరుకున్న పేడను మళ్లీ మళ్లీ కాల్చిన చోటది. దక్కన్ కథలో మంద ముందుకొస్తుంది. 5,000 ఏళ్ల కిందట మొదలైన ఆ జీవనంలో పండించినవి పెసలు, ఉలవలు, అండు కొర్రలు, కొర్రకు చుట్టమైన ఇంకో గడ్డి గింజ. గోధుమ, బార్లీ తర్వాత చేరాయి. ఇంకొకటి, వాళ్ల చేత రాగిసంగటి తినిపించకు. రాగులు, జొన్నలు మొదట ఆఫ్రికాలో మచ్చికై, ఆ తర్వాత మన వైపు వచ్చినవి.

నల్లమల చెంచులను ‘నేటికీ బతికున్న రాతియుగం’ అన్నావు. ఆ మాట ఉండకూడదు. చెంచుల గడ్డలు తవ్వే కర్రకు ఇనుప మొన ఉందని 1940లలో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ చూశాడు, ఆ ఇనుము మైదానం మనుషుల దగ్గర నుంచి వచ్చిందే. తేనె, అటవీ సరుకులు ఇచ్చి పుచ్చుకుంటూ మనతోపాటు ఇదే కాలంలో బతుకుతున్నవాళ్లను ఎవరి పూర్వీకులకూ నమూనాగా నిలబెట్టే హక్కు మనకు లేదు.

తిరగరాసే ముందు ఒక పని చెయ్యి. మీ పెరట్లో సన్నికల్లు ఉందని ఒకసారి రాశావు. పీట వేసుకోకుండా నేల మీద మోకరిల్లి, కాలివేళ్లు మడిచి, కిలో గోధుమలు పెట్టుకుని ఒక గంట నూరు. ఎంత పిండి వచ్చిందో తూచి, మర్నాడు ఎక్కడెక్కడ నొప్పి పుట్టిందో కాగితం మీద పెట్టి, అప్పుడు మొదటి పేరా రాయడానికి కూర్చో. కొత్త ప్రతి పంపేటప్పుడు ఆ కాగితం కూడా జతచేయి.

ఆశీస్సులతో.