దీవికి ఐదు ఆల్బమ్‌లే అంటే బాగా ఇష్టమైనవి ఇంట్లోనే వదిలేస్తాను

మనిషి జాడ లేని దీవిలో ఉండిపోవాల్సి వస్తే, వెంట ఐదు ఆల్బమ్‌లే తీసుకెళ్ళనిస్తే ఏవి పట్టుకెళ్తారని ప్రశ్న. చాలామందికి ఇది సరదా ఊహ. నేను ఇంచుమించు ఇదే ఉద్యోగంగా చేశాను. పుట్టి పెరిగింది విశాఖపట్నం పెదవాల్తేరులో. తొంభైల్లో సరుకు ఓడల్లో ఇంజనీరుగా చేరాను. అప్పట్లో మా ఓడల్లో ఇంటర్నెట్ అన్న మాటే లేదు. ఔటర్ హార్బర్‌లో బైలదిల్లా ఇనుప ఖనిజం నింపుకుని జపాన్ వైపు కదిలామంటే, బట్టలూ ఆవకాయ సీసాలూ సర్దాక పెట్టెలో మిగిలిన చోట ఎన్ని క్యాసెట్లు పడితే అంతే సంగీతం.

ప్రయాణం కూడా ఫర్వాలేదు. దీవికి బాగా దగ్గరగా ఉండేది యాంకరేజ్. రేవులో ఓడ నిలిపే చోటు (బెర్తు) దొరికేదాకా ఓడ బయట లంగరేసుకుని పడుంటుంది. ఊరి దీపాలు కనిపిస్తుంటాయి, దిగడానికి లేదు. డ్యూటీ దిగాక చేయడానికేమీ ఉండదు. ఉన్న నాలుగు క్యాసెట్లనే అటు తిప్పి ఇటు తిప్పి వింటుంటే, ఏ పాట ఎన్నాళ్ళకు మొహం మొత్తుతుందో అక్కడ తెలిసొస్తుంది.

ఈ ఆట మొదలైంది బీబీసీ రేడియోలో. 1942 జనవరిలో రాయ్ ప్లమ్లీ అనే ఆయన మొదలుపెట్టిన కార్యక్రమం, ఇప్పటికీ వస్తోంది. అతిథి ఎనిమిది రికార్డులు ఎంచుకోవాలి. తర్వాత్తర్వాత ఒక పుస్తకం, ఒక విలాస వస్తువు కూడా కలిపారు. ఎనిమిదంటే చాలా ఎక్కువనిపిస్తుంది గానీ, అప్పటి 78 స్పీడు రికార్డు ఒక వైపు మూడు నాలుగు నిమిషాలకు మించి పాడేది కాదు. ఎక్కువసేపు పాడే ఎల్పీ రికార్డులు వచ్చింది 1948లో. ఆ లెక్కన చూస్తే ఈ ఐదు ఆల్బమ్‌లు చాలా ఉదారమైన మూట.

మన దగ్గర ఇంకో చిక్కుంది. తెలుగువాళ్ళకు ఆల్బమ్ అంటే నూటికి తొంభై పాళ్ళు సినిమా పాటలే. సినిమాకు ఐదారు పాటలు, మహా అయితే అరగంట. అందుకే క్యాసెట్లవాళ్ళు ఒక వైపు ఒక సినిమా, రెండో వైపు మరో సినిమా వేసి అమ్మేవారు. అలాంటిది ఒకటి కిందకొస్తుందా, రెండా అన్నది ప్రశ్నలో లేదు. నేనైతే ఒకటే అని వాదిస్తాను.

ఇక ఎంపిక విషయానికొస్తే, మొదట తీసేసేది నాకు ప్రాణమైన 'శంకరాభరణం'. 1980లో వచ్చింది. మహదేవన్‌కీ, బాలసుబ్రహ్మణ్యానికీ, వాణీ జయరాంకీ ముగ్గురికీ జాతీయ అవార్డులు తెచ్చిపెట్టింది. దాన్ని ఎందుకు తీసుకెళ్ళనంటే, అవసరం లేదు. 'దొరకునా ఇటువంటి సేవ' మొదటి ఆలాపన నుంచి చివరి దాకా నా బుర్రలో ఉంది, మధ్యలో వచ్చే వాయిద్యాలతో సహా. దాన్ని దీవికి మోసుకెళ్ళడం సముద్రానికి ఉప్పు మోసినట్టే. ఐదంటే ఐదే చోట్లు ఇచ్చినప్పుడు, తలకాయలో లేనిదాన్నే పెట్టెలో పెట్టాలి.

'అన్ని పాటలూ నాకు నోటికొచ్చు' అని మీరనవచ్చు. నోటికొచ్చేది పల్లవే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను మా ఊరి మీద విరుచుకుపడ్డాక రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. టీవీ లేదు, రేడియోకి సెల్స్ కొందామంటే దుకాణం తెరిచినవాడు లేడు. సాయంత్రమయ్యేసరికి మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద అందరూ చేరి పాటలు మొదలుపెట్టేవారు. పల్లవి దగ్గర పాతిక గొంతులు. మొదటి చరణానికి పది. రెండో చరణం వచ్చేసరికి ఎదురింటి రిటైర్డ్ లెక్కల మాస్టారు ఒక్కరే, ఆయన కూడా సగం 'నననా'లతోనే. కాబట్టి నేను చెప్పే పరీక్ష ఇది. లైటార్పి కూర్చుని, ఫోన్ ముట్టకుండా పాడి చూడండి. రెండో చరణం, దాని ముందొచ్చే వాయిద్యం కూడా గుర్తుంటే ఆ ఆల్బమ్‌ని ఇంట్లో వదిలెయ్యండి. ఆగిపోయిందా, పెట్టెలో పెట్టండి.

ఘంటసాల భగవద్గీత తీసుకెళ్ళమని మా బావమరిది సలహా ఇచ్చాడు. 1974లో ఆయన కన్నుమూశాక విడుదలైన రికార్డు అది. ఆ గొంతుకు వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు. కానీ మన వీధుల్లో అది మైకులో వినబడిందంటే ఎవరో పోయారని అర్థం. ఒంటరి దీవిలో పొద్దున్నే అది పెట్టుకుంటే, పోయింది నేనేనేమో అని అనుమానం రావచ్చు. వద్దు.

చాలామందికి తట్టని సంగతి ఒకటుంది, సముద్రం చప్పుడు. రుషికొండ దగ్గర ఇసుకలో కూర్చుని చిన్న స్పీకర్‌లో ఏదైనా మెత్తటి పాట పెట్టి చూడండి. కెరటం విరిగిన ప్రతిసారీ ఆలాపనలో సగం కొట్టుకుపోతుంది. ఓడలో కేబిన్ తలుపు మూసుకున్నా జనరేటర్ హోరు పగలూ రాత్రీ ఉండేది. మృదంగం ఎడమ వైపు మోత ఆ హోరులో కలిసిపోయేది, వేణువూ వయొలినూ పైన తేలేవి. గుసగుసగా పాడిన పాటలు ఊళ్ళో హెడ్‌ఫోన్ పెట్టుకుని వినడానికి బాగుంటాయి. సముద్రం పక్కన నిలబడాలంటే గొంతులో దమ్ముండాలి.

అందుకే నా మొదటి ఎంపిక సినిమా పాటలు కావు, రాయబారం పద్యాలు. తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయాలు' నాటకాల్లోవి. జనానికి శ్రీకృష్ణ రాయబారం అంటే తెలుస్తుంది. మా పెద్ద మావయ్యకు ఈ పిచ్చి ఉండేది. విజయనగరం వైపు పల్లెల్లో రాత్రంతా జరిగే నాటకాలకు నన్ను వెంటేసుకుని వెళ్ళేవాడు. పీసపాటి నరసింహమూర్తి గారు కృష్ణుడి వేషంలో వస్తున్నారంటే ముందు రోజు నుంచే మా ఇంట్లో పండగ. మైకులు లేని రోజుల్లో చివరి వరసలో గొంగళి కప్పుకుని కూర్చున్నవాడికి వినబడేలా పాడటం నేర్చినవాళ్ళ బాణీ అది. ఆ గొంతులకు కెరటం ఒక లెక్కా?

ఇంకో కారణం కూడా ఉంది. ఓడ మీద కొన్ని వారాలు గడిచాక మొహం వాచిపోయేది సంగీతానికి కాదు, నలుగురు మాట్లాడుకునే మాటకు. 'బావా ఎప్పుడు వచ్చితీవు' అన్న పద్యంలో పలకరింపు ఉంది, వెటకారం ఉంది, లోపల నడిచే రాజకీయం ఉంది. కౌరవ సభలో 'చెల్లియో చెల్లకో' అంటూ మొదలుపెడితే ఎదురుగా సభంతా ఉన్నట్టుంటుంది. ఒక్క క్యాసెట్‌లో కృష్ణుడు, అర్జునుడు, దుర్యోధనుడు, కర్ణుడు, హార్మోనియం, 'వన్స్ మోర్' అని అరిచే జనం. ఇంతమందిని ఇంకే ఆల్బమ్ తేగలదు? పైగా పద్యం చివర రాగం తీసే తీరు నటుడికీ నటుడికీ మారుతుంది, దాన్ని జ్ఞాపకం మీద నమ్ముకోవడం అయ్యే పని కాదు. మా ఓడలో భీమిలి నుంచి వచ్చిన ఫిట్టర్ ఒకతను 'ఏటి సార్, మళ్ళీ పడక సీనేనా' అని, కృష్ణుడు పడుకుని ఉండగా అర్జునుడూ దుర్యోధనుడూ వచ్చే ఘట్టం గురించి విసుక్కుంటూనే గుమ్మంలో నిలబడి, అర్జునుడు మాట్లాడేదాకా కదిలేవాడు కాదు.

రెండోది 'మల్లీశ్వరి', 1951. సాలూరు రాజేశ్వరరావు సంగీతం, దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు సినిమాకు రాసిన మొదటి పాటలు. రాజేశ్వరరావు మనవైపు వాడే, సాలూరు దగ్గర శివరామపురం. మా ఉత్తరాంధ్ర వాళ్ళకు ఆ గర్వం కాస్త ఎక్కువే, క్షమించాలి. అందరికీ గుర్తుండేది 'మనసున మల్లెల'. నేను తీసుకెళ్ళేది దానికోసం కాదు. అందులో పిల్లలు వెక్కిరించుకునే 'కోతీబావకు పెళ్ళంట' ఉంది, బండి పరుగు వినిపించే 'పరుగులు తీయాలి' ఉంది, ఆటకు కట్టిన 'పిలచిన బిగువటరా' ఉంది. వీటి మధ్య చిన్న చిన్న బిట్లు ఉన్నాయి, నా లైటార్పే పరీక్షలో అవన్నీ తప్పాయి. సినిమా పాటల్లో ఇన్ని రకాలు ఒకేచోట దొరకడం అరుదు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. 'ఆకాశవీధిలో' పొద్దుగుంకే వేళ పెట్టకూడదు. మేఘంతో కబురు పంపే పాట అది. ఇంటికి దూరంగా ఉన్నవాడు డెక్ మీద ఆ టైమ్‌లో దాన్ని వింటే రాత్రి అన్నం సహించదు. పొద్దున పూట, బట్టలుతుక్కుంటూ వినాలి.

మూడోదానికి మాటలుండకూడదు. మాట ఎంత గొప్పదైనా వందోసారికి అర్థం జారిపోయి ఉత్త చప్పుడుగా మిగులుతుంది. ఇక్కడ 'కాల్ ఆఫ్ ద వ్యాలీ'. 1967 నాటి హెచ్‌ఎంవీ రికార్డు. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్. కాశ్మీరు లోయలో ఒక గొర్రెలకాపరి దినచర్య చుట్టూ అల్లినది. ఆహిర్ భైరవ్‌తో తెల్లవారుతుంది, పొద్దు వాలాక భూప్, దేశ్ మీదుగా పహాడీకి చేరుతుంది. సముద్రం మీద మొదట తప్పిపోయేది వేళ. ఓడ తూర్పుకు పోతుంటే గడియారం ముందుకు తిప్పుతూ ఉంటారు. నాలుగు గంటల వాచీ, అంటే డ్యూటీ, ఎనిమిది గంటల విరామం, మళ్ళీ వాచీ. ఇప్పుడు తిన్నది టిఫినా భోజనమా అని తికమక పడేవాణ్ణి. ఆ రికార్డును రాగాల వేళ ప్రకారం ముక్కలుగా పెట్టుకుంటే రోజుకు ఒక ఉదయం, ఒక సాయంత్రం మళ్ళీ వచ్చేవి. దీవిలో గడియారం ఎలాగూ ఉండదు. ఇళయరాజా 'హౌ టు నేమ్ ఇట్' కూడా ఈ చోటు కోసం గట్టిగా పోటీ పడింది. సంగీతంగా అదే నాకు ఎక్కువ ఇష్టం. ఉపయోగం దృష్ట్యా కాపరి గెలిచాడు.

నాలుగోది వంగపండు ప్రసాదరావు పాటలు, ఏ క్యాసెట్ అయినా సరే, 'యంత్రమెట్టా నడుస్తు ఉందంటే' ఉంటే చాలు. ఆయన మా విశాఖ షిప్‌యార్డ్‌లో ఉద్యోగం చేసినవాడు. ఇంజన్ రూంలో నూనె చేతులతో నిలబడినవాడికి ఆ పాట ఎవరూ వివరించక్కర్లేదు. దీవిలో గుడిసె కట్టాలన్నా, కర్ర కొట్టాలన్నా, ఒంటరిగా బరువు లాగాలన్నా పనికి ఊపునిచ్చే పాట కావాలి. కచేరీ సంగీతం ఆ పనికి రాదు. మా యాస వినబడటం అదనపు లాభం.

ఐదోది మా ఆవిడ ఎంపిక. దీవికి నన్నొక్కణ్ణే పంపుతున్నా ఒక చోటు తనకు కావాలంది. తను తీసినది ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 'బాలాజీ పంచరత్నమాల', తిరుమల తిరుపతి దేవస్థానం కోసం పాడినది. అది ఐదు ఎల్పీల సెట్టు, ఒకటిగా లెక్కపెట్టరేమో అన్నాను. రెండు సినిమాల క్యాసెట్టు ఒకటైతే ఇదెందుకు కాదని అడిగింది. నిజానికి నా దగ్గర అభ్యంతరం కూడా లేదు. 'నానాటి బతుకు నాటకము' అందులోనే ఉంది. దాన్ని రేవతి రాగంలో స్వరపరిచిన నేదునూరి కృష్ణమూర్తి గారు చివరి రోజుల వరకూ మా ఊళ్ళోనే ఉన్నారు. తాళ్ళపాక అన్నమయ్య పదానికి ఆయన రాగం, ఆమె గొంతు. పల్లవి నాకూ వచ్చు, ఆ గొంతు ఆగి మళ్ళీ ఎత్తుకునే చోట్లు మాత్రం రావు.

ఇదంతా దీవిలో సోలార్ ఛార్జర్ ఇస్తారనుకుని రాశాను. క్యాసెట్లయితే వద్దు. ఉప్పుగాలికి టేపు మీద తెల్లటి బూజు పడుతుంది, టేప్‌రికార్డర్ హెడ్‌ను స్పిరిట్‌తో ఎంత తుడిచినా కొన్నాళ్ళకు గొంతులు దుప్పటి కప్పుకుని పాడినట్టే ఉంటాయి. పెన్సిల్ సెల్స్ నీరసిస్తే టేపు నెమ్మదించి గాయని పి. లీల గారు కూడా మగగొంతుతో పాడతారు. రెండు మెమరీ కార్డుల్లో ఒకే సరుకు వేసి, గాలి చొరబడని డబ్బాలో పెట్టుకోవడం మేలు. కరెంటు అసలే ఇవ్వం, కీ ఇచ్చే గ్రామఫోనే గతి అంటే నా ఐదింట్లో రాయబారం, మల్లీశ్వరి రెండే మిగులుతాయి, 78 రికార్డుల మీద వచ్చినవి అవే. అప్పుడు బీబీసీ వాళ్ళు ఇచ్చే విలాస వస్తువు కింద ఒక పెద్ద డబ్బా గ్రామఫోన్ సూదులు అడుగుతాను. ఉక్కు సూదిని రికార్డు వైపు మార్చినప్పుడల్లా మార్చాలి, లేకపోతే గాడి అరిగిపోతుంది.